మ్యాచ్ చూపించారా, హడావుడి చూపించారా: మహిళల ఫుట్‌బాల్ ప్రసారానికి మార్కులు వేయడం ఎలా

మహిళల ఫుట్‌బాల్ టోర్నమెంటు ప్రసారం బాగుందో లేదో తేల్చడానికి నా దగ్గర ఒకే కొలత ఉంది. చివరి విజిల్ మోగిన అరగంటలో, ఆ ప్రసారం తప్ప వేరే ఆధారం లేకుండా, మూడు వందల మాటల్లో మ్యాచ్ వార్త రాయగలనా? రాయగలిగితే వ్యాఖ్యాత తన పని చేసినట్టు. గోల్ ఎవరు కొట్టారో తెలిసి, అది ఎందుకు పడిందో తెలియకపోతే చేయనట్టే. ఒక తెలుగు దినపత్రిక క్రీడా విభాగంలో చాలా ఏళ్లు రాత్రి డ్యూటీ చేశాను. విదేశాల్లో జరిగే మ్యాచ్‌కు మమ్మల్ని ఎవరు పంపుతారు? ఎదురుగా టీవీ, పక్కన వార్తా ఏజెన్సీ పంపే కాపీ, నెత్తిన పేజీ గడువు. కాపీ ఆలస్యమైతే కామెంటరీయే దిక్కు. వ్యాఖ్యాత మింగేసిన ప్రతి సంగతీ నా వార్తలో రాయలేకపోయిన వాక్యమయ్యేది.

మీరు వార్త రాయనక్కర్లేదు. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే చాలు. ఇక్కడ ఉదాహరణలు ఎక్కువగా 2023 ప్రపంచ కప్ నుంచే తీసుకుంటాను. ఆ ఏడాది జులై 20 నుంచి ఆగస్టు 20 వరకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 32 జట్లతో 64 మ్యాచ్‌లు జరిగాయి. మనకు కలిసొచ్చినదేమిటంటే, నిద్ర మానుకోకుండా చాలా మ్యాచ్‌లు చూడగలిగాం. ఫైనల్ సైతం ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకే మొదలైంది.

ముందు ఎవరి తప్పు ఎవరిదో విడదీయాలి

ప్రపంచ కప్ వంటి టోర్నమెంట్లలో ఆట దృశ్యాలను ఒకే బృందం చిత్రీకరించి అన్ని దేశాలకూ పంపుతుంది. కెమెరా ఎక్కడుండాలి, రీప్లే ఎప్పుడు వేయాలి, ఎవరి ముఖం దగ్గరగా చూపాలి అన్నది ఆ బృందం దర్శకుడి నిర్ణయం. మీ ఛానెల్ దానికి జోడించేది వ్యాఖ్యానం, స్టూడియో చర్చ, ప్రకటనలు. కాబట్టి కాగితం మీద రెండు గడులు గీయండి. ఒకటి బొమ్మకు, ఒకటి మాటకు. రీప్లే ఆలస్యమైందని వ్యాఖ్యాతను తిట్టడం, క్రీడాకారిణి పేరు తప్పు పలికితే దర్శకుణ్ణి తిట్టడం న్యాయం కాదు.

వ్యాఖ్యాత స్టేడియంలో ఉన్నారా, వేల కిలోమీటర్ల దూరంలో స్టూడియోలో కూర్చుని మీరు చూస్తున్న బొమ్మనే చూస్తూ మాట్లాడుతున్నారా అన్నది కూడా గమనించండి. కనిపెట్టడం తేలికే. సబ్‌స్టిట్యూట్లు పక్కన పరుగులు తీస్తున్న సంగతి, కోచ్ కుడివైపు ఆడమని సైగ చేసిన సంగతి తెరమీద కనిపించకముందే చెబితే అక్కడే ఉన్నారని అర్థం. ప్రతిదీ బొమ్మ వచ్చాకే చెబుతుంటే స్టూడియోలో ఉన్నట్టు. స్టూడియోలో ఉండటం నేరం కాదు. మైదానంలో గాలి ఎటు వీస్తోందో కూడా తెలిసినట్టు మాట్లాడితే మాత్రం నేను మార్కులు కోస్తాను.

పది నిమిషాలు శబ్దం ఆపి చూడండి

మొదటి అర్ధభాగంలో ఏదో ఒక పది నిమిషాలు టీవీ గొంతు నొక్కేయండి. ఇది బొమ్మకు పరీక్ష. బంతి ఎడమ అంచున ఉన్నప్పుడు కుడివైపు డిఫెండర్ ఎక్కడుందో కనిపిస్తోందా? గోల్ కిక్ తీసే సమయానికి తెర మీద ఆట ఉందా, ఇంకా పాత రీప్లే నడుస్తోందా? ఆట సాగుతుండగా ముఖాల దగ్గరి దృశ్యాలు ఎన్ని పడ్డాయి? ఒక్కో తప్పుకు ఒక్కో గీత గీయండి.

మహిళల మ్యాచ్‌లలో దర్శకులకు ఒక ప్రత్యేకమైన బలహీనత ఉంది. జుట్టు సర్దుకుంటున్న క్రీడాకారిణి, గ్యాలరీలో ఆమె బిడ్డ, ముఖానికి రంగులు పూసుకున్న చిన్నపాప, మళ్లీ గ్యాలరీ. ఒకటి రెండుసార్లయితే ఎవరూ కాదనరు. బంతి మధ్యగీత దాటుతున్నప్పుడు కూడా అదే పని అయితే, ఆట మీద ఆ దర్శకుడికి నమ్మకం లేదనే నేను రాసుకుంటాను. 2023లో ఆస్ట్రేలియా కెప్టెన్ శామ్ కెర్‌కు పిక్కలో గాయమైందన్న వార్త ఐర్లాండ్‌తో తొలి మ్యాచ్‌కు కాస్త ముందే బయటికొచ్చింది. పాత రికార్డింగు దొరికితే ఆ జట్టు గ్రూప్ మ్యాచ్ ఒకటి పెట్టుకుని, ఆడని కెర్ ఎన్నిసార్లు కనిపించిందో, ఆడుతున్న కేట్రినా గోరీ ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టండి. ఆ లెక్క చూశాక నేను చెప్పేదేమీ ఉండదు.

ఒక్క గోల్‌ను పట్టుకుని వదలకండి

ఇక శబ్దం పెంచండి. అసలు పరీక్ష ఇక్కడే. ప్రతి మ్యాచ్‌లో ఒక గోల్‌ను ఎంచుకుని, దానికి ముందు పదిహేను సెకన్లలో ఏం జరిగిందో వ్యాఖ్యాత చెప్పారా లేదా చూడండి. 2023 ఫైనల్ గోల్‌ను మించిన పాఠం నాకు తెలియదు. సిడ్నీలో స్పెయిన్, ఇంగ్లండ్. 29వ నిమిషం. ఇంగ్లండ్ రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) లూసీ బ్రాంజ్ బంతి తీసుకుని తన కుడి అంచు వదిలి మధ్యలోకి చొచ్చుకొచ్చింది. సెంటర్ సర్కిల్ దగ్గర చుట్టూ స్పెయిన్ వాళ్లే. బంతి పోయింది. అంతే, తెరెసా అబెల్లెయిరా దాన్ని ఎడమ అంచుకు పొడవుగా మళ్లించింది. ఎడమవైపు మరియోనా కాల్దెంతే అందుకుని ఒక్క క్షణం ఆగింది. ఆమె బయటివైపు నుంచి లెఫ్ట్ బ్యాక్ ఓల్గా కార్మోనా దూసుకొచ్చింది. ఎక్కడికి? బ్రాంజ్ వదిలి వెళ్లిన చోటుకే. ఎడమకాలితో నేలబారుగా కొట్టిన షాట్ గోల్‌కీపర్ మేరీ ఇర్ప్స్‌ను దాటి అవతలి మూలకు చేరింది. స్పెయిన్ 1-0. మ్యాచ్‌లో పడిన గోల్ అదొక్కటే.

ఇప్పుడు వ్యాఖ్యానం వినండి. కొట్టింది కార్మోనా అని, గొప్ప షాట్ అని చెప్పి ఊరుకుంటే పాస్ మార్కులు. సెమీఫైనల్లో స్వీడన్‌పై 89వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టింది కూడా ఈమేనని గుర్తుచేస్తే ఇంకాస్త. బ్రాంజ్ పేరు ఎత్తి, ఆమె ఎక్కడ బంతి పోగొట్టుకుందో, దానివల్ల ఏ చోటు ఖాళీ అయిందో చెబితే పూర్తి మార్కులు. బొమ్మ గడిలో కూడా దీనికి సంబంధించిన పరీక్షే ఉంది. మొదటి రీప్లే షాట్ దగ్గర మొదలైనా పర్వాలేదు. రెండోదో మూడోదో బ్రాంజ్ పరుగు దగ్గర మొదలు కావాలి. కాకపోతే ప్రేక్షకుడికి అది ఆకాశం నుంచి ఊడిపడిన గోల్.

గోల్ పడని మ్యాచ్‌కు ఇంకా పెద్ద పరీక్ష. అదే టోర్నమెంటులో జమైకా, బ్రెజిల్ మెల్‌బోర్న్‌లో 0-0గా ముగించాయి. ఆ ఫలితంతో బ్రెజిల్ ఇంటికి వెళ్లింది, మార్తా ప్రపంచ కప్ ప్రయాణం ముగిసింది. అప్పటికి పురుషుల, మహిళల ప్రపంచ కప్‌లు రెండూ కలిపి చూసినా ఆమె 17 గోల్సే అత్యధికం. అలాంటి క్రీడాకారిణి వెళ్లిపోతుంటే మాట్లాడకుండా ఎలా ఉంటారు? మాట్లాడాలి. కానీ అవతల జమైకా గ్రూప్ దశ మూడు మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా తొలిసారి నాకౌట్‌కు చేరింది. ఆ తొంభై నిమిషాలూ వాళ్ల డిఫెన్స్ ఎలా నిలబడిందో ఎవరు చెబుతారు? మార్తా కన్నీళ్లకు ఎంత సమయం ఇచ్చారు, జమైకా డిఫెండర్లకు ఎంత ఇచ్చారు అన్నది నా కాగితం మీద పక్కపక్కనే ఉంటుంది. ఓడిన పెద్ద పేరు గెలిచిన చిన్న పేరును మింగేయడం ఈ ప్రసారాల్లో తరచూ జరిగే అన్యాయం.

నిబంధనలు తెలుసా, తెలిసినట్టు నటిస్తున్నారా

వ్యాఖ్యాతల బండారం బయటపడేది రిఫరీ నిర్ణయాల దగ్గర. 2019లో పారిస్‌లో స్కాట్లండ్, అర్జెంటీనా మ్యాచ్ చూసినవారికి చెప్పనక్కర్లేదు. 74వ నిమిషం దాకా స్కాట్లండ్ 3-0 ఆధిక్యంలో ఉంది. అర్జెంటీనా ఆ తేడాను ఒక్క గోల్‌కు తగ్గించింది. ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ. ఫ్లోరెన్సియా బోన్సెగుండో కిక్‌ను స్కాట్లండ్ కీపర్ లీ అలెగ్జాండర్ ఆపేసింది. స్కాట్లండ్ సంబరం సగంలో ఉండగానే వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయపడే బృందం) పిలుపు. కిక్ తీసే క్షణంలో గోల్‌కీపర్ కనీసం ఒక పాదం కొంతైనా గీత మీద ఉంచాలన్న నియమం అప్పుడే కొత్తగా అమల్లోకి వచ్చింది. కిక్ మళ్లీ తీయించారు, ఈసారి గోల్. 3-3, స్కాట్లండ్ ఇంటికి. ఆ నియమం తెలిసిన వ్యాఖ్యాత కీపర్ పాదాల వైపు మన దృష్టి మళ్లిస్తారు. తెలియనివాళ్లు దౌర్జన్యమని గోల చేస్తారు. నియమం అన్యాయమనిపిస్తే అనొచ్చు. ముందు అదేమిటో చెప్పి ఆ తర్వాత అనాలి.

2023లో వీఏఆర్ చూసిన తర్వాత రిఫరీ తన నిర్ణయాన్ని మైకులో స్టేడియమంతటికీ ప్రకటించే పద్ధతి మహిళల ప్రపంచ కప్‌లోకి వచ్చింది. మనకు ఇంతకన్నా తేలిక పరీక్ష దొరకదు. రిఫరీ నోరు తెరవగానే వ్యాఖ్యాత ఆపారా? ఫైనల్లో రిఫరీ టోరి పెన్సో, ఇంగ్లండ్ క్రీడాకారిణి కీరా వాల్ష్ చేతికి బంతి తగిలిందని పెనాల్టీ ప్రకటించినప్పుడు వినాల్సింది ఆమె మాట. దాని మీద మాట్లాడేసి, తర్వాత ఆమె ఏమన్నారో ఊహించి చెప్పేవాళ్లకు నా దగ్గర సున్నా. అన్నట్టు స్పెయిన్ తరఫున జెన్నీ హెర్మోసో తీసిన ఆ పెనాల్టీని ఇర్ప్స్ పట్టేసింది. అప్పుడు కేకలు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

మ్యాచ్ సమమైతే పెనాల్టీ కిక్కులతో తేల్చే షూటౌట్‌లో మాట తగ్గించడమే పనితనం. 2023లో ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ క్వార్టర్‌ఫైనల్ బ్రిస్బేన్‌లో 20 కిక్కుల దాకా సాగి, కోర్ట్నీ వైన్ కిక్‌తో 7-6గా తేలింది. అందులో చెప్పాల్సిన సంగతులు కొన్నే, కానీ వదలకూడనివి. షూటౌట్ కోసమే ఫ్రాన్స్ గోల్‌కీపర్‌ను మార్చి సోలెన్ డ్యురాండ్‌ను దించింది. ఆస్ట్రేలియా కీపర్ మెకెంజీ ఆర్నల్డ్ ఐదో కిక్ తనే తీసి, గెలిపించే అవకాశాన్ని గోల్ పోస్టుకు కొట్టింది. ఫ్రాన్స్ క్రీడాకారిణి కెంజా డాలీ కిక్‌ను ఆర్నల్డ్ ఆపితే, గీత వదిలిందని మళ్లీ తీయించారు. రెండోసారీ ఆపింది. ఈ మూడూ ఎప్పటికప్పుడు చెప్పి, మిగతా సమయం జనం హోరుకు వదిలేసిన వ్యాఖ్యాత దొరికితే వాళ్ల పేరు రాసి పెట్టుకోండి. వచ్చే టోర్నమెంటులో వెతుక్కోవచ్చు.

అదే టోర్నమెంటులో స్వీడన్, అమెరికా షూటౌట్ మాత్రం బొమ్మకు పరీక్ష. స్వీడన్ క్రీడాకారిణి లీనా హర్టిగ్ కిక్‌ను అమెరికా కీపర్ అలిసా నేహర్ ఆపింది, పైకి లేచిన బంతిని రెండోసారి చేత్తో తోసేసింది. ఆపేసిందనే అందరూ అనుకున్నారు. గోల్ లైన్ సాంకేతికత బంతి పూర్తిగా దాటిందని తేల్చింది, అదీ మిల్లీమీటర్ల తేడాతో. స్వీడన్ 5-4. అలాంటి చోట గ్రాఫిక్ ఎంత త్వరగా తెర మీదకు వచ్చింది, వ్యాఖ్యాత దాని కోసం ఆగారా, తొందరపడి తీర్పు చెప్పేశారా అని చూడండి.

పొగడ్తకు మార్కులు లేవు

ఇక్కడ కాస్త కోపంగానే రాస్తున్నాను. మహిళల టోర్నమెంటు అనగానే కొందరు వ్యాఖ్యాతలకు ఎక్కడలేని ఔదార్యం పుట్టుకొస్తుంది. ప్రతి పాస్ అద్భుతం, ప్రతి పరుగు స్ఫూర్తిదాయకం. గోల్‌కీపర్ చేజార్చిన బంతిని చేజార్చిందని చెప్పరు. అలా చెప్పకపోవడం గౌరవం అనుకుంటారు. పురుషుల మ్యాచ్‌లో అదే తప్పుకు పావుగంట విమర్శిస్తారు కదా? తప్పును తప్పనడం ఆటగాళ్లకు ఇచ్చే సమాన హోదా. దానికి ఎదురుగా ఇంకో రకం ఉన్నారు. ఎవరు బాగా ఆడినా ఫలానా పురుష ఆటగాడితో పోలుస్తారు. మార్తాను లంగా కట్టిన పెలే అని పిలిచిన కాలం ఒకటుంది. నా కాగితంలో పోలికలకు ఒక వరుస ఉంటుంది. పురుష ఆటగాడి పేరు వచ్చిన ప్రతిసారీ ఒక గీత. బిడ్డ తల్లి అన్న సంగతి ఒకసారి చెప్పడం సమాచారం, మూడోసారి చెప్పేటప్పటికి ఆమె ఏ స్థానంలో ఆడుతోందో చెప్పడం మరిచిపోయి ఉంటారు.

నీతిబోధ మరో జబ్బు. 2019లో అమెరికా థాయ్‌లాండ్‌ను 13-0తో ఓడించి, చివరి గోల్స్‌కు కూడా సంబరం చేసుకుంటే అంత అవసరమా అని స్టూడియోల్లో పెద్ద చర్చ నడిచింది. చర్చించుకోవచ్చు. కానీ అలెక్స్ మోర్గాన్ ఐదు గోల్స్ ఎలా కొట్టిందో, థాయ్ డిఫెన్స్ ఎక్కడ తెగిపోయిందో చెప్పాక. గ్రూప్ దశలో గోల్స్ తేడా కూడా లెక్కలోకి వస్తుందని గుర్తుచేయనివాళ్లకు ఆ చర్చలో కూర్చునే అర్హత లేదని నా అభిప్రాయం.

పేర్ల గురించి ఎక్కువ చెప్పను. ఎవరి నోరూ అన్ని భాషలకూ తిరగదు. మ్యాచ్ మొదట్లో ఎలా పలికారో చివరిదాకా అలాగే పలకాలి, అడిగి తెలుసుకున్న ఆనవాలు ఉండాలి. ఒకే జట్టులో ఇద్దరిని కలిపేయడం మాత్రం క్షమించరానిది. జెర్సీ మీద అంకె ఉంటుంది.

విరామంలో కాఫీకి లేవకండి

స్టూడియో నాణ్యత తేలేది విరామంలోనే. 2023 ఫైనల్లో వెనకబడి ఉన్న ఇంగ్లండ్ కోచ్ సరీనా వీగ్‌మన్ విరామంలో ఒకేసారి ఇద్దరిని మార్చింది. అలెసియా రూసో, రేచెల్ డేలీ బయటికి, లారెన్ జేమ్స్, క్లోయీ కెల్లీ లోపలికి. జట్టు అమరిక కూడా మారింది, వెనక ముగ్గురు కాస్తా నలుగురయ్యారు. రెండో అర్ధభాగం మొదలైన రెండు నిమిషాల్లో ఈ సంగతి చెప్పారా? స్టూడియోలో కూర్చున్న మాజీ క్రీడాకారిణిని దీని గురించి అడిగారా, తన పాత జ్ఞాపకాల గురించి అడిగారా? ఆమె చేత బోర్డు మీద గీయిస్తే మంచి స్టూడియో. చిరునవ్వు కోసమే కూర్చోబెడితే ఆ కుర్చీ దండగ.

బహుమతి ప్రదానం అయ్యేదాకా టీవీ కట్టకండి. ఆ రోజు వేదిక మీదే స్పెయిన్ సమాఖ్య అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్ హెర్మోసోను ముద్దుపెట్టుకున్నాడు. తర్వాత అది లైంగిక దాడి కేసై, 2025 ఫిబ్రవరిలో కోర్టు అతడికి జరిమానా విధించింది. ఆ దృశ్యం ప్రపంచమంతా ప్రత్యక్షంగా చూసింది. తెర మీద వార్త జరుగుతున్నప్పుడు స్టూడియోలో ఎవరైనా దాన్ని వార్తగా గుర్తించారా అన్నది ఆట బయటి పరీక్షే, కానీ పరీక్షే.

డబ్బు లేదంటే మార్కులు కలపాలా

చిన్న ఛానెల్, తక్కువ బడ్జెట్, ఏం చేస్తారు పాపం అనే మాట వస్తుంది. 2023 మేలో ఫిఫా అధ్యక్షుడు ఇన్ఫాంటినో యూరప్ ప్రసార సంస్థలు పురుషుల టోర్నమెంటుకు 10 నుంచి 20 కోట్ల డాలర్లు ఇచ్చి, మహిళల దానికి కోటి, అంతకన్నా తక్కువ ఇస్తామంటున్నాయని ఆరోపించి, ప్రసారమే ఉండదని బెదిరించారు. జూన్‌లో గానీ ఒప్పందం కుదరలేదు. నెల రోజుల ముందు హక్కులు కొన్న ఛానెల్ సిద్ధమయ్యేదెప్పుడు? కెమెరాలు తక్కువైనా, స్టూడియో వెలవెలబోయినా నేను పట్టించుకోను. కానీ రెండు జట్ల పేర్లు, గత మ్యాచ్‌ల ఫలితాలు చదువుకుని రావడానికి డబ్బు అక్కర్లేదు. అక్కడ మాత్రం ఒక్క మార్కూ కలపను. చూసేవాళ్లు లేరన్న సాకు కూడా చెల్లదు. ఆ టోర్నమెంటులో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ సెమీఫైనల్‌ను ఆస్ట్రేలియాలో సగటున 70 లక్షల మందికి పైగా చూశారు.

మార్కులు వందకు ఇలా వేస్తాను. ఆట వివరణకు 35, బొమ్మకు 25, నిబంధనలకు 15, సంయమనానికి 15, పేర్లకు 10. ఒక్క మ్యాచ్‌తో తీర్పు ఇవ్వకండి. ఒక పెద్ద జట్టు మ్యాచ్, ఎవరూ పట్టించుకోని రెండు జట్ల మ్యాచ్, ఒక నాకౌట్ చూడండి. నా అనుభవంలో రెండోదే నిజం చెబుతుంది. పెద్ద మ్యాచ్‌కు అందరూ చదువుకునే వస్తారు.

మన జట్టు ఆడేటప్పుడు ఈ కాగితం ఇంకా గట్టిగా పట్టుకోవాలి. 2025 జులైలో సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్‌తో భారత్ థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడిన ఫార్వర్డ్. ఆమె బంతి అందుకున్నప్పుడు తండా కథ ఒకసారి చెప్పండి, చాలు. ఆ తర్వాత ఆమె ఏ అంచున ఆడుతోంది, డిఫెండర్‌ను లోపలివైపు దాటుతోందా, బయటివైపు దాటుతోందా అన్నది చెప్పండి. అది చెప్పిన వ్యాఖ్యాతకు ఏ భాషలో చెప్పినా నేను ఐదు మార్కులు అదనంగా వేస్తాను.

చివరికి ఆ కాగితాన్ని చించేయకండి. ఛానెల్‌కు రాయండి. ఏ మ్యాచ్, ఎన్నో నిమిషం, ఏమన్నారు, ఏమనాల్సింది, ఇంతే. బాగా చేసినవాళ్లకు కూడా అదే పద్ధతిలో, నిమిషంతో సహా రాయండి. డెస్కులో ఉన్నప్పుడు మాకు వచ్చిన ఉత్తరాల్లో పేజీ, కాలమ్ వేసి రాసినవాటినే చీఫ్ సబ్ ఎడిటర్ పైకి చదివేవారు.